దాచిపెట్టిన మెయిళ్ళు బయటికొచ్చిన రాత్రి

నమ్మితె నమ్ముండ్రి, లేకుంటె లేదు. నా ఇద్దరు పిల్లల మీద ఒట్టేసి చెప్తున్న... గీ ముచ్చటల నేను కలిపింది ఒక్క మాట గూడ లేదు.

శామీర్‌పేట దగ్గర ఒక విత్తనాల కోల్డ్ స్టోరేజిల నాది రాత్రి డ్యూటీ. ఇల్లు మేడ్చల్. స్టోరేజిల నాలుగు గదులున్నయి. ఏ గది తలుపు సరిగ్గ పడకపోయినా నా కంప్యూటర్‌కు దానంతట అదే మెయిల్ వస్తది. మూడో గది తలుపు రబ్బరు పాడయింది. ఇగ ఒకటే మెయిళ్ళు. పరేషానై నేనే ఒక రూల్ పెట్టిన. మూడో గది పేరుతోని ఏదొచ్చినా చదివినట్టు చేసి పక్క ఫోల్డర్ల పడెయ్యాలె. గంతే. ఆర్నెల్లు మంచిగ నడిచింది. ఆ ఫోల్డర్ నేను తెరిచింది గూడ లేదు.

ఆ దినం రాత్రి ఎనిమిదిన్నర. లోడింగోళ్ళు ఎల్లిపోయిండ్రు. గాలి జవహర్‌నగర్ చెత్త డంపు దిక్కుకెళ్ళి కొడ్తాంది. ఆ వాసనకు కిటికీలన్ని మూసుకొని కూసున్న. మెషిన్ల గుంయ్‌మనే సప్పుడు తప్ప ఇంకేం లేదు.

టింగ్...

"మూడో గది. తలుపు తెరిచి ఉన్నది."

ఇదేంది, ఇది ఫోల్డర్లకు పోవాలె గద? నేనే అండ్లకు జరిపిన. టింగ్... మళ్ళ పైకొచ్చింది. చదవనట్టు, లావు అక్షరాలతోని. ఇంకోటి. ఇంకోటి. రూల్ తెరిచి చూసిన. సక్కగనే ఉన్నది. నాకు మొండితనం ఎక్కువ. దాన్ని తీసేసి కొత్తది రాసిన. ఈసారి సీదా చెత్తబుట్టల పడాలె అని.

ఆగింది.

ఒక నిమిషం... రెండు నిమిషాలు...

అప్పుడు మెల్లగ... ఒక్కొక్కటే పైకొచ్చుడు షురువైంది. ఈసారి టింగ్ గూడ లేదు. మౌస్ ఇడిసిపెట్టిన. చేతులు రెండు ఒళ్ళో పెట్టుకున్న. అయినా వస్తున్నయి... మూడో గది... మూడో గది... స్క్రీన్ నిండ మూడో గది.

భయమైంది, అబద్ధమెందుకు. కానీ గట్లనే కూసుంటె భయం ఇంకా పెరుగుతది. టార్చి తీస్కొని లేసిన. గేటు కాడ వాచ్‌మన్ యాదయ్యను పిలిచిన.

"యాదన్నా, మూడో గది దాక రా."

"సాయంత్రమే మూసిండ్రు మేడమ్. తలుపు గట్టిగనే పడ్డది, నేను చూసిన."

"పడితె పడ్డది. ఒకసారి చూసొద్దాం."

నిజంగనే తలుపు మూసి ఉన్నది. చెవి ఆనిచ్చి విన్న. ఏం లేదు. ఇగ పోదామన్నడు. నేను కదల్లే. ఇద్దరం గుంజినం. పిడి బిగుసుకపోయింది. ఇనుప రాడ్ పెట్టి లేపితె అప్పుడొచ్చింది.

టార్చి ఏసిన. సంచుల నడుమ... లచ్చమ్మక్క. మా దగ్గర ఊడ్సే ఆమె. గోనెసంచి కప్పుకొని ముడుసుకున్నది. పెదవులు నీలం. ఊడ్వనీకి లోపలికి పోతె చూడకుంట బయటికెళ్ళి తలుపేసిండ్రట, లోపలి పిడి ఊడి చేతిలకొచ్చిందట. కొట్టి కొట్టి చేతులు వాచిపోయినయి. అంత మందం తలుపు... ఎవరికి ఇనబడాలె?

"ఒచ్చినవా బిడ్డా," అన్నది. గంతే, కండ్లు మూసుకున్నది.

ఇద్దరం మోసుకొని, ఆటోల దవాఖానకు తీస్కపోయినం. బతికింది.

రెండు దినాలకు, మా కంప్యూటర్లు చూసే శ్రీనివాస్ గారు వచ్చిండు. కోస్తా ఆయన, అల్వాల్‌ల ఉంటడు. గంటసేపు చూసిండు.

"మీ రూల్‌లో తప్పేం లేదండి. ఆ రాత్రి మూడో గది నుంచి ఒక్క మెయిల్ కూడా రాలేదు. తలుపు మూసే ఉంది కదా, ఎందుకొస్తుంది? పైకొచ్చినవన్నీ ఆర్నెల్లుగా మీరు పక్కన పడేసిన పాతవేనండి."

"మరి వాటిని పైకి తెచ్చిందెవరు సార్?"

ఆయన స్క్రీన్ మళ్ళొకసారి పైకెళ్ళి కిందిదాక చూసిండు.

"అదే నాకూ అర్థం కావట్లేదండి."

తలుపు మార్చేదాక నేను మేనేజర్‌ను ఇడిసిపెట్టలే. మార్పించిన. లచ్చమ్మక్క మళ్ళ పనికి వస్తాంది. మెషిన్ల ఏదో గడబిడ అయ్యుంటదని మా ఆయన అంటడు. కావచ్చు. కానీ శ్రీనివాస్ గారు ఇంకోటి గూడ చూపిచ్చిండు... నేను కుర్చీలకెళ్ళి లేసిన నిమిషం నుంచి, ఒక్క మెయిల్ గూడ పైకి రాలే.