ఎలకలతో మా అత్త మాటలు

నాతో తగువైతే మా అత్త మాట మానీసేది. సెప్పాల్సిందేదో బస్తాల యెనకున్న ఎలకలకి సెప్పేది. శ్రీకాకుళం బజార్లో మాది బియ్యం కొట్టు, ఇల్లూ అదే, ఎలకలకి కొదవేటి? "ఒసే, పొద్దెక్కినాది, ఇంకా తొంగున్నావేటే?" అంటే నేను లేసేదాన్ని.

ఊళ్లో ఎలకల మీద సినిమా తీస్తామని ఒకాయన కెమెరా పట్టుకొచ్చిన రోజు కూడా మాకు తగువే. నేను అలిగి అన్నం ముట్టలేదు. అత్త బస్తాల యేపు తిరిగి, "కోపం నా మీదైతే కడుపేటి సేసినాదే? వచ్చి తినీసి పోవే, నా తల్లివి కదే," అంది.

"ఎలకలంటే ఎంత ప్రేమండీ మీకు!" అని ఆయన మురిసిపోయాడు. నేను కంచం తెచ్చుకున్నాను.

ఇప్పుడు అత్త లేదు. ఆ సినిమా నా ఫోన్లో ఉన్నాది. తినబుద్ధి కానినాడు ఆ ముక్క పెట్టుకుని, లేసి కంచం తెచ్చుకుంటాను.