ఉచిత కంపైలర్

ఎచ్చెర్లలో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్పేవాణ్ణి. బ్యాంకుల్లో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లు ఇంకా ఆ పాత భాషతోనే నడుస్తున్నాయనీ, నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ అనీ కరపత్రాలు వేయించాను. పిల్లలు నమ్మి వచ్చారు.

రాసిన ప్రోగ్రాముని యంత్రానికి అర్థమయ్యేలా మార్చడానికి కంపైలర్ కావాలి. మెయిన్‌ఫ్రేమ్ కంపైలర్‌కి లైసెన్సు నెలనెలా కట్టాలి, వాడకం పెరిగితే బిల్లూ పెరుగుతుంది. కొనడం నా వల్ల అయ్యే పని కాదు. విశాఖలో ఒకాయన తన మెషీన్ మీద తలకింత అని అద్దెకిస్తానన్నాడు. అద్దె పోగా నాకు మిగిలేదెంతో లెక్క వేసుకున్నాను. మనసొప్పలేదు. మామూలు కంప్యూటర్లో ఉచితంగా నడిచే కంపైలర్ ఒకటి ఉంది. భాష అదే, పని చేయించే పద్ధతి వేరు. దాన్నే పెట్టాను.

అంతవరకూ తప్పు లేదు. ఆ తేడా పిల్లలకి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు సరికదా, తెర నల్లగా, అక్షరాలు ఆకుపచ్చగా మార్చి "ఇదే మెయిన్‌ఫ్రేమ్" అన్నాను. సర్టిఫికెట్ మీద కూడా అదే అచ్చేయించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ బ్యాచ్‌లో నౌపడ వైపు నుంచి రైలూ బస్సూ మారి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. తల్లి చేపలమ్మి చదివించింది. ఒక్క క్లాసు మానలేదు. హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్ళి, వారం తిరక్కుండా తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది.

"నిజం మెషీన్ ముందు కూకోబెట్టి కంపైల్ సెయ్యమన్నారు సార్. ముందు జాబ్ అని ఒకటి రాసి పంపాలంట. నాకు ఏటీ తెల్నేదు. మీరు సెప్పే ఉంటారు, నా బుర్రకే ఎక్కనేదు."

నేను చెప్పలేదు. ఉచిత కంపైలర్‌కి అక్కర్లేదని, ఏ పని ఎలా చెయ్యాలో మెయిన్‌ఫ్రేమ్‌కి రాసిచ్చే ఆ పాఠం మొత్తం ఎగ్గొట్టాను. ఒక్క మాటతో ఆ పిల్ల గుండెల మీద బరువు దించెయ్యొచ్చు. కానీ గదిలో కొత్త బ్యాచ్ కూర్చుని వింటోంది. వాళ్ళంతా లేచి వెళ్ళిపోతారని భయమేసింది.

"కంగారులో మర్చిపోయుంటావులే," అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ అద్దంలో నా మొహం చూసుకోవాలనిపించదు.

"మళ్ళీ ఈ బ్యాచ్‌లో కూకుంటాను సార్. ఫీజు కొంచెం కొంచెంగా..."

"ఫీజు వద్దమ్మా."

అది విని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇసుక్కోకండా మళ్ళీ సెప్తానన్నారు. మీలాటోళ్ళు ఎక్కడుంటారు బాబూ," అంటూ నా కాళ్ళకి దండం పెట్టబోయింది. వెనక్కి జరిగాను. వినయం అనుకుందేమో, ఇంకా పొంగిపోయింది.

వెళ్తూ వెళ్తూ కూతురి వైపు తిరిగి, "ఒసే, ఈసారైనా సారు సెప్పింది సరిగ్గా ఇను," అంది.

అమ్మాయి తల వంచుకుని సరేనంది. నేను పాఠం మొదలుపెట్టాను.