పేరెత్తని తమ్ముడు

"గడియారం చూస్తే పిల్ల ఆకలి తెలుస్తాదా?" అని మా అమ్మ పని నుంచి వచ్చి నవ్వేది. అనంతపురం జిల్లాలో మా ఊరి పక్కన ఒక ఆసుపత్రి ఉండేది. అక్కడి డాక్టరుది ఇంగ్లండు. వాళ్ల మూడేళ్ల పాపను చూసుకోవడానికి అమ్మ ఆయాగా పోయేది. బడి లేని రోజుల్లో నేనూ అమ్మ వెంట పోయేదాన్ని.

వాళ్ల పెంపకం మాకు వింత. పాలకూ గంటే, స్నానానికీ గంటే. పొద్దు గూకకముందే పాపను వేరే గదిలో పడుకోబెట్టి తలుపు మూసేవాళ్లు. ఏడ్చినా ఎత్తుకోకూడదు, అలవాటవుతుందట! అమ్మ ఆ తలుపు బయటే కూర్చుని కొంగుతో కళ్లొత్తుకునేది. మా ఇంట్లో అయితే సంగటి మాడినా సరే, ముందు ఏడ్చే బిడ్డను చంకనేసుకునేవాళ్లు. పాప తల్లి దొరసానమ్మది రాతిగుండె అని నేను తేల్చేశాను.

ఒక కరువు ఎండాకాలం మా చిన్నతమ్ముడు పోయాడు. ఇంకా నడక రాలేదు వాడికి. బావులు ఎండిపోయి, వంకలో చెలమ తవ్వి ఆ నీళ్లే తాగుతున్నాం. వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. డాక్టరు దొర ఎంత పాటుపడినా బిడ్డ దక్కలేదు. నాయన వాణ్ని గుడ్డలో చుట్టి తీసుకుపోయి పూడ్చి వచ్చాడు. అవ్వ ఆ రోజే ఉయ్యాల విప్పేసి, వాడి చొక్కాలు ఎవరికో ఇచ్చేసింది. అమ్మ వాడి పేరు పెట్టి ఏడవబోతే గదమాయించింది.

"ఆ పేరెత్తొద్దు! కడుపులో ఉండేదాన్ని గూడా పిల్చుకపోతాడు."

అప్పటికే అమ్మకు నెల తప్పింది. అమ్మ ఆ పేరు ఎత్తడం మానేసింది. ఏడుపు వినిపిస్తే చాలు ఎత్తుకునే ఇల్లు, వాణ్ని అంత తొందరగా దించేసింది. నాకు ఆ కోపం ఈనాటికీ పోలేదు.

కొన్నాళ్లకు అమ్మ మళ్లీ పనికి పోయింది. ఒకరోజు దొరసానమ్మ కేకు చేస్తోంది. పాప పుట్టినరోజేమో అనుకున్నాం. ఆమె బల్ల మీది ఫోటో తెచ్చి చూపింది. తెల్లటి పిల్లవాడు.

"నా పెద్ద కొడుకు. చనిపోయాడు. ఈ రోజు పుట్టాడు," అంది, తనకొచ్చిన తెలుగులో.

దొర, దొరసానమ్మ, పాప ముగ్గురూ ఆ బిడ్డ పేరు చెప్పుకుని కేకు కోశారు. అమ్మ చేతిలో ముక్క పెడితే, రెండో చెయ్యి కడుపు మీద వేసుకుని బెదురుగా చూసింది.

"పోయిన బిడ్డకు పండగ చేస్తారా తల్లీ?"

"చేస్తాం. పేరు చెప్తాం. నీ కొడుకు పేరేమి?"

అవ్వకు వినిపిస్తుందేమో అన్నట్టు అమ్మ వాకిలి వైపు చూసింది. ఆ తర్వాత వాడి పేరు చెప్పింది. మళ్లీ చెప్పింది. ఇద్దరూ వంటింటి నేల మీద కూలబడి ఏడ్చారు. రాతిగుండె అన్న మాట నేను మళ్లీ అనలేదు.

తర్వాత పుట్టిన తమ్ముడైనా దక్కాలని అవ్వ వాణ్ని పెంటకుప్ప మీద దొర్లించి ఇంట్లోకి తెచ్చింది. వాడు బతికాడు. పేరెత్తనీయలేదు కాబట్టే బతికాడని అవ్వ నమ్మకం. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికుంది? అమ్మ మాత్రం ఏటా ఆ కేకు రోజున, ఆ వంటింట్లోనే, పోయినవాడి పేరు పలికి వచ్చేది.

కొన్నేళ్లకు వాళ్లు సొంత దేశానికి బయల్దేరారు. పాప అమ్మ మెడ పట్టుకుని ఒకటే ఏడుపు. అమ్మ ఎత్తుకుంటే దొరసానమ్మ వద్దనలేదు. పాపను జీపులో కూర్చోబెట్టి అమ్మ అడిగింది.

"మీ వానికి కేకు చేసినప్పుడల్లా మావాని పేరు గూడా చెప్పమ్మా. ఈడ నన్ను చెప్పనియ్యరు."

దొరసానమ్మ ఆ పేరు పలికింది. నోరు తిరగలేదు. అమ్మ సరిదిద్దింది. ఆమె మళ్లీ పలికింది. సరిగ్గా వచ్చేదాకా అమ్మ జీపు వదల్లేదు.