తలూపితే ఫోన్‌లో వినబడదు

పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము తిరిగినప్పుడల్లా ఆర్మూర్‌లోని మా ఆఫీసు కిటికీలోంచి పచ్చటి దుమ్ము లోపలికొస్తుంది. నాకు తుమ్ము వస్తుంది. తుమ్ముతోపాటు మల్లయ్య సారు గుర్తొస్తారు. తుమ్మినప్పుడు గుర్తొచ్చేవారికి ఎవరూ విగ్రహం పెట్టరు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆయన పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరయ్యారు. పెర్కిట్‌లో ఒక పసుపు గోదాము పైగదిలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవారు. ఎగుమతి కంపెనీ ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ పోగొట్టుకుని నేను అక్కడ చేరాను. పోగొట్టుకున్న తీరు కూడా చెప్పుకోదగ్గదే. అడిగినదానికల్లా శ్రద్ధగా తలూపాను. మా పసుపు మార్కెట్లో అందరూ ఒప్పుకునేది అలాగే. లైను తెగిందనుకుని అవతలాయన ఫోన్ పెట్టేశాడు.

"తలకాయ ఊపుడు ఫోన్ల ఇనవడ్తదా బిడ్డా?" అన్నారు సారు.

"వీడియో కాల్ అయితే నౌకరి నాదే సార్."

ఆయన నవ్వలేదు. ఆ రోజంతా ఒప్పుకోవడమే నేర్పారు. యస్‌ను బద్ధకంగా అంటే యా అట. దాని చివర పెదవులు టక్కున మూస్తే యెప్. ఓకే అన్నది 'ఆల్ కరెక్ట్', అంటే అంతా సరే, అనే మాటను అమెరికా పత్రికలవాళ్ళు సరదాకి ఓ, కే అక్షరాలతో తప్పుగా రాయగా పుట్టిన పొట్టిమాట. తప్పు రాసినా లోకమంతా మెచ్చిందంటే నా పరీక్ష పేపర్లమీద నాకే ఆశ పుట్టింది.

"మరి సినిమాలల్ల పోలీసులు వైర్‌లెస్‌ల రోజర్ రోజర్ అంటరు, ఆ రోజర్ ఎవరు సార్?"

"ఎవ్వడు గాడు. రిసీవ్డ్‌ల మొదటి అక్షరం ఆర్‌కు వైర్‌లెస్‌ల పెట్టిన పేరు. ఇన్న అన్నట్టు, గంతే. ఓసారి వాగు పొంగింది, బండి పంపుమని వైర్‌లెస్‌ల చెప్పిన్రు. ఊరి పేరు సమజ్ కాలే. మళ్ళ అడుగుడు నామోషీ అనుకొని రోజర్ అన్న. బండి వేరే ఊరికి పోయింది. జనం గంటసేపు నీళ్లల్ల నిలవడ్డరు."

నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉండింది. మింగేశాను.

మూడు నెలలకు అదే కంపెనీ మళ్ళీ ఫోన్ చేసింది. సారు ఎదురుగా కూర్చున్నారు. ఓడలో సరుకు పంపే కాగితాల గురించి కంపెనీ ఆయన ఏదో అడిగాడు. నాకు సగమే అర్థమైంది. 'యా' పెదవుల దాకా వచ్చింది. "విన్నాను, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. అవతలాయన నిదానంగా మళ్ళీ చెప్పాడు. ఉద్యోగం వచ్చింది.

ఇప్పటికీ విన్నాననడం వేరు, సరేననడం వేరు నాకు. మధ్యలో ఒక్క ప్రశ్న అడిగే దమ్ము ఆయనిచ్చిందే.

సారు ఇప్పుడు ధర్పల్లిలో కూతురి దగ్గర ఉంటున్నారు. పొద్దున తుమ్మగానే ఫోన్ చేశాను.

"సార్, దుబాయ్ సరుకు బేరం ఇంగ్లీషుల నేనే మాట్లాడి ఖాయం చేసిన. మంచిగనే నేర్చుకున్ననా?"

అవతల చప్పుడు లేదు. లైను మాత్రం తెగలేదు.

"సార్, తలకాయ ఊపుడు ఫోన్ల ఇనవడ్తదా? నోటితోని చెప్పుర్రి."

ఒక నవ్వు వినబడింది. తర్వాత, చివర పెదవులు టక్కున మూసిన ఒక్క మాట.

"యెప్."