పెడల్స్ విప్పేసిన మోపెడ్ మీద ఖానాపూర్‌కు

మోపెడ్ ఎంత వేగంగా పోతుందో తెలుసుకోవాలన్న కోరిక నాకెప్పుడూ లేదు. ఆ కోరికంతా మా అక్క భర్త దావీదు బావది. పాత మోపెడ్ ఒకటి కొని, "ఎనభై పోతది బామ్మర్దీ" అని నెల రోజులుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

ఆ ఆదివారం ఖానాపూర్ చర్చిలో కోతకాల పండుగ. వరికంకుల కట్టలు తలకెత్తుకుని జనం గేటు దగ్గర నిలబడతారు. లోపల మొదటి పాట ఎత్తుకున్నాకే అడుగు పెట్టాలి. ముప్పై ఏళ్లుగా ఆ పాటకు హార్మోనియం వాయించేది బావ తల్లి, మా అత్తమ్మ. రిపేరుకు వచ్చిన ఆ పెట్టె కరీంనగర్‌లో మా దగ్గరుంది. పదిన్నరకల్లా చేర్చకపోతే కుర్రాళ్లు అద్దె కీబోర్డు వాయిస్తారు. ఒకసారి చేయి మారిందంటే అత్తమ్మకు ఇక ఆ చోటు దక్కదు. బస్సులో పోదామన్నాను.

"బస్సెందుకు, మన బండి ఉండంగ?" అన్నాడు బావ.

ఉదయం ఐదున్నరకు హార్మోనియం బావ కాళ్ల మధ్య పెట్టుకున్నాం. అప్పుడు చూశాను, బండికి పెడల్స్ లేవు.

"తీసేసిన. బరువు తగ్గితే స్పీడు పెరుగుతది గదా?"

మోటారు నడిచినంతసేపు నడవాలి, మొరాయిస్తే సైకిల్‌లా తొక్కుకుంటూ పోవాలి. మోపెడ్ అంటేనే అది. ఇప్పటి కొత్త బండ్లకు కంపెనీలే పెడల్స్ పెట్టడం మానేశాయి, సరే. ఉన్నవాటిని విప్పి పారేసిన శాస్త్రవేత్త మాత్రం మా బావే. ఆ బండి స్టార్ట్ కావాలన్నా పెడల్సే తొక్కాలి కనుక, నేను వెనక నుంచి తోసి, ఉరికి ఎక్కాల్సి వచ్చింది.

నేను లెక్కల టీచర్ను. కిలోమీటరు రాళ్లూ చేతి గడియారమూ చూస్తూ కూర్చున్నాను. మీటరు ముల్లు డెబ్బై దగ్గర వణుకుతోంది, రాళ్ల లెక్కలో ముప్పై ఎనిమిది. పత్తి ట్రాక్టర్ ఒకటి మమ్మల్ని దాటిపోతే బావ దాన్ని చూడనట్టే ఉన్నాడు. ఏడింటికి జగిత్యాలలో ఇడ్లీ, చాయ్. ఎనిమిదిన్నరకు మెట్‌పల్లి. గోదావరి వంతెన మీద ఎదురుగాలికి ఇరవై ఐదుకు పడిపోయాం.

తొమ్మిది నలభైకి, ఖానాపూర్ ఇంకా నాలుగు కిలోమీటర్లుండగా ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత తోసినా లేవలేదు. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన నిలబడి చూశాడు.

"తొక్కుకుంట పోరాదుండ్రి?" అని, వంగి చూసి, "అయ్యో, తొక్కేటియి ఏవి? గవ్వి లేకుంటే గిది ఏం మోపెడు?" అన్నాడు.

సంతకు పోయే ఆటోలు కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కటీ ఆగలేదు. తోశాం. బావ ఎనభై మాట ఎత్తలేదు. నాకూ వెక్కిరించబుద్ధి కాలేదు. అక్కడ అత్తమ్మ దారి చూస్తూ ఉంటుంది.

చర్చి మలుపు తిరిగేసరికి పదకొండు దాటింది. జనం ఇంకా గేటు బయటే ఉన్నారు, తలల మీద కట్టలతో. కరెంటు పోయి కీబోర్డు మూగబోయిందట. మెట్ల మీద కూర్చున్న అత్తమ్మ లేచి వచ్చింది. పెట్టె మూత తీసి, ఎడమ చేత్తో తిత్తి ఊపింది. దానికి కరెంటూ అక్కర్లేదు, పెట్రోలూ అక్కర్లేదు. పాట లేచింది. కట్టలు లోపలికి నడిచాయి. నాకు కళ్లు తడిశాయి, దాచుకోలేదు.

మెకానిక్ కార్బురేటర్ కడిగాక రెండింటికి తిరుగు ప్రయాణం. అత్తమ్మ గేటు దాకా వచ్చి, "ఇంకోపారి నడుచుకుంట రా బిడ్డా, గదే జల్దీ" అంది.

మా దారిలో వెళ్లాలనుకునేవారికి నా సలహా ఒక్కటే: బస్సులున్నాయి.

ఐదున్నరకు కరీంనగర్ చేరాం. బావ ఇంటివైపు తిప్పలేదు. పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు ఆపి, "పెడల్స్ ఈడనే అమ్మిన" అంటూ తుప్పు కుప్పలో రెండు చేతులూ పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. ఇంజన్ మాత్రం బంద్ చేయనివ్వలేదు నేను. చేస్తే మళ్లీ తోసేది నేనే.