ముగ్గురుంటేనే ఎల్డెస్ట్

ఈ ఎండాకాలం మొదట్లో మా మనవరాలు ఎక్కడినుంచో ఒక వట్టివేళ్ల కట్ట తెచ్చి మంచినీళ్ల కుండలో వేసింది. మూత తీసి గ్లాసు ముంచానో లేదో ఆ తడిమట్టి వాసన గుప్పున ముఖానికి తగిలి, నేను కూర్చున్న ఎనిమిదో అంతస్తు ఫ్లాటూ, కింద రోడ్డు మీది మోతా అన్నీ పక్కకు జరిగిపోయాయి. శాలిబండలో మా ఆడపిల్లల బడి కళ్లముందుకొచ్చింది. కిటికీలకు వేలాడగట్టిన వట్టివేళ్ల తడికల మీద ఆయమ్మ చెంబుతో నీళ్లు చల్లుతుంటే, ఆ చల్లగాలికి సగం నిద్రపోతూ ఇంగ్లీషు పాఠం వింటున్న నాలుగో తరగతి పిల్లనైపోయాను.

అప్పటికింకా మాది హైదరాబాదు రాష్ట్రమే. మా అక్షరాలు తెలుగువి, ఇరుగుపొరుగు మాటలు ఉర్దూవి, పెద్ద ఉద్యోగాల మాటలు కొత్తగా ఇంగ్లీషువి. రూతమ్మ టీచర్ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, మోచేతుల దాకా సుద్దపొడితో, మమ్మల్ని బడి వసారాలో వరసగా నిలబెట్టి మా తలల మీద చెయ్యి పెట్టుకుంటూ పోయేది. టాల్, టాలర్, టాలెస్ట్. ఆ మూడో మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు కూడా కొంచెం పైకి లేచేది. ఆ మాట ఎవరి తల మీద పడుతుందా అని అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. పొడుగులో నాకు రాలేదు, జడలో రాలేదు, పరుగులో అసలే రాలేదు. అందుకే, మీ గురించి మీరే ఒక వాక్యం రాయండని టీచర్ అన్నప్పుడు, నాకు ఎదురులేని చోటేదో వెతుక్కుని పలక మీద రాశాను: ఐ యామ్ ద ఎల్డెస్ట్ డాటర్.

టీచర్ పలక చూసి నవ్వి, 'ఎల్డెస్ట్' కింద గీత గీసింది.

"మీ ఇంట్ల ఎంతమంది ఆడపిల్లలు, సులోచనా?"

"ఇద్దరం టీచర్. నేను, మా చెల్లె కమల."

"ఇద్దరే ఉంటె ఎల్డర్ అనాలె. ముగ్గురుంటెనే ఎల్డెస్ట్. ఇంకొక్కరు తక్కువైన్రు బిడ్డా."

ఆ మధ్యాహ్నం నేను ఏడుపు ముఖంతో ఇంటికి పోయి, వాకిట్లో ఎండబెట్టిన వడియాలకు కాపలా కూర్చున్న మా అమ్మను, ఇంకో చెల్లెను ఎప్పుడు కంటావని అడిగాను. అమ్మ తెల్లబోయి, సంగతంతా విని, కాకుల కోసం పట్టుకున్న కర్రతోనే నా కాలి మీద మెల్లగా ఒకటి వేసింది. "ఇంగ్లీషు కోసం పిల్లల్ని కంటరా ఎవలన్న? అందర్ల పెద్ద అంటె అయిపాయె. గింత దానికి ఏంది లొల్లి!" అంది. నయాపూల్ దగ్గరి కచేరీలో ఉర్దూ నకళ్లు రాసే మా బాపు మాత్రం నవ్వలేదు. కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారుతున్నాయని ఆ ఏడు ఆయన కూడా రాత్రి భోజనమయ్యాక నా వాచకమే తీసుకుని పెదవులు కదుపుతూ చదువుకునేవాడు.

మూడో ఆడపిల్ల ఉగాది వెళ్లిన వారానికి వచ్చింది. బేగంబజారులో ఒక కిరాణా టోకు దుకాణంలో కాంటా తూచే మా పెదబాపు, చిన్న రేకుపెట్టెతో, పన్నెండేళ్ల కూతురు రాజమణిని వెంటబెట్టుకుని టాంగా దిగాడు. ఆయన ధోవతి నుంచి ఎప్పుడూ ఎండుమిరపకాయల ఘాటు వచ్చేది. పిల్లలం దగ్గరికి పోతే తుమ్ములు. మా పెద్దమ్మ ఆ చలికాలంలోనే జ్వరంతో పోయింది. "ఎండాకాలం ఎల్లేదాంక ఉంచుకోండ్రి, నాకు దుకాణంల తీరుతలేదు," అని ఆయన అమ్మ వంక చూడకుండా అన్నాడు. అమ్మ రాజమణిని లోపలికి తీసుకుపోయి, తల నిండా నూనె పెట్టి, చిక్కులు తీస్తూ, మధ్యమధ్య తన కొంగుతో తన కళ్లే తుడుచుకుంది. మాకు ఇట్లా చెప్పింది: "పెద్దమ్మ బిడ్డంటె అక్కనే. ఇప్పటిసంది మీరు ముగ్గురు."

ముగ్గురం. నేను అడిగిన లెక్క కుదిరింది కానీ, వచ్చినామె నాకంటే మూడేళ్లు పెద్దది! ఎల్డెస్ట్ ఆమె అయింది. ఆరేళ్ల కమల యంగెస్ట్ అయి ఆ మాటను వాకిలంతా ఎగురుతూ అరిచింది. మధ్యలో మిగిలిన నాకు ఇంగ్లీషు వాడు ఏ మాటా పెట్టలేదు. అంతకుముందున్న ఎల్డర్ కూడా పోయింది. చాలా రోజులు నేను రాజక్కతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమెకు అది తెలిసిందో లేదో, నా పక్క కూడా తనే పరిచేది, జొన్నరొట్టెలో బాగా పొంగినదాన్ని నా పళ్లెంలోకే జరిపేది.

ఆ ఏడు రంజాను ఎండల్లోనే వచ్చింది. పక్కింటి ఖాలా పండుగ రోజు పంపిన సేమ్యా పాయసం గిన్నె ఇంకా ఖాళీ కాకముందే పెదబాపు వచ్చి కూర్చున్నాడు. పొయ్యి ముట్టించేవాళ్లు లేక రోజూ అటుకులు నమిలి పడుకుంటున్నానని, పిల్లను తీసుకుపోతానని అన్నాడు. రాజక్క గిన్నె పట్టుకునే గడపలో నిలబడిపోయింది. బాపు నెమ్మదిగా, "అన్నా, పిల్ల ఉర్దూల నాలుగు దాంక చదివింది. బడి తెరిచినంక పెద్ద టీచరమ్మ ఇంగ్లీషుల నాలుగు ముక్కలు అడిగి సూస్తదట. చేర్చుకుంటె ఈడనే ఉండనియ్యి. లేకుంటె నేనే తోలుకొస్త," అన్నాడు. పెదబాపు చాలాసేపు తలపాగా సర్దుకుని, "సూద్దాం తియ్యి," అని లేచాడు.

ఆమెకు ఇంగ్లీషు చెప్పే పని నా మీద పడింది. గంపెడు మామిడిపళ్లు నీళ్ల తొట్లో వేసి, వాటి చుట్టూ కూర్చుని చదువుకున్నాం: ఇది స్వీట్, ఇది స్వీటర్, ఇది స్వీటెస్ట్; తేల్చుకోవడానికి అన్నిట్నీ రుచి చూడవలసి వచ్చేది. 'గుడ్' దగ్గర రాజక్క తడబడితే, బాపు ఎదురుగా వచ్చి కూర్చుని, "ఉర్దూల బెహ్తర్, బెహ్తరీన్ సదువుకున్నవు గద బిడ్డా? గదే. బెటర్, బెస్ట్. ఇంగ్లీషోడు జర పొట్టిగ చేసుకున్నడు," అన్నాడు. రాజక్క ముఖం వెలిగిపోయింది. ఆ తరువాత ఆమెను ఆపలేకపోయాను. మనుషుల గురించి అయిపోతే పనుల గురించి మొదలుపెట్టింది. కమల రన్స్ ఫాస్టెస్ట్. ఖాలా లాఫ్స్ లౌడెస్ట్. ఒకరోజు రోకలితో కారం దంచుతున్న అమ్మను చూసి, పిన్ని వర్క్స్ హార్డెస్ట్ అంది.

"నన్నేమో అంటున్నరు," అని అమ్మ రోకలి ఆపింది.

"ఇంట్ల అందరికంటె ఎక్కువ కష్టం చేసేది నువ్వేనంట అమ్మా," అన్నాను.

అమ్మ రోలు వైపు తిరిగి కారం ఘాటుకన్నట్టు ముక్కు తుడుచుకుంది. ఆ సాయంత్రం మా ముగ్గురికీ అడక్కుండానే రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పెట్టింది.

నేను చెప్పకుండా దాటేసిన మాట ఒక్కటే. 'ఓల్డ్' వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసేదాన్ని. కమల ఊరుకుంటేనా! "అక్కకు గా మాటంటె కోపం. నువ్వొచ్చి ఆమె ఎల్డెస్ట్ గుంజుకున్నవంట," అని గడగడా చెప్పేసింది. రాజక్క చేతిలో పండు అట్లాగే పట్టుకుని నా వంక చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

తొలివాన పడ్డ మర్నాడు బడి తెరిచారు. బురదలో చెప్పులు చేత పట్టుకుని ముగ్గురం పోయాం. పెద్ద టీచరమ్మ గదిలో రాజక్క ఒక్కతే నిలబడింది. నేనూ కమలా గుమ్మం పట్టుకుని లోపలికి తొంగి చూస్తున్నాం. బల్ల మీది సుద్దముక్కలు చూపించి ఏది లాంగెస్ట్ అని అడిగితే చెప్పింది. ఎవరు ఫాస్టెస్ట్ పరుగెత్తుతారంటే చెప్పింది. రూతమ్మ టీచర్ పక్కన నిలబడి, తనే పరీక్ష రాస్తున్నట్టు చీర కుచ్చిళ్లు నలుపుకుంటోంది. చివరికి పెద్ద టీచరమ్మ మమ్మల్ని చూసి, లోపలికి పిలిచి, మీ ముగ్గురిలో హూ ఈజ్ ద ఎల్డెస్ట్ అంది.

రాజక్క నన్ను చూసింది. "సులోచన ఈజ్ ద ఎల్డెస్ట్," అంది.

పెద్ద టీచరమ్మ కళ్లజోడు దించి, రాజక్క భుజం దాకా కూడా రాని నన్ను పైనుంచి కిందికి చూసి, పెదవి విరిచింది. "రాలేదు ఈ పిల్లకు," అని కలం తీసుకుంది.

పెదబాపు టాంగా, ఎండుమిరపకాయల వాసన, చీకటి పడ్డాక పొయ్యి ముందు ఒక్కతే కూర్చున్న రాజక్క, అన్నీ ఒక్కసారి నాకు కనిపించాయి.

"కాదు టీచర్!" అని అరిచాను. "ఆమెకు వస్తది. మస్తు వస్తది. రాజక్కనే ఎల్డెస్ట్. నా కోసం చెప్తలేదు!"

"ఎందుకు చెప్పలేదు?" అని రూతమ్మ టీచర్ మెల్లగా అడిగింది.

రాజక్క తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల గీకుతూ, ముందు తెలుగులో, "గా ఇంట్ల ముందుగాల ఉన్నది ఆమెనే టీచర్," అంది. తరువాత, అడిగింది ఇంగ్లీషులో కదా అని గుర్తొచ్చినట్టు తల ఎత్తి, ఒక్కో మాట కూడబలుక్కుని చెప్పింది: "షి కేమ్ ఫస్ట్. ఐ కేమ్ లాస్ట్."

పెద్ద టీచరమ్మ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఏదో రాసి, రూతమ్మ టీచర్ వైపు తిరిగి, "ఐదులో కూర్చోబెట్టండి," అంది. ఇంటికి పోయేదాకా మేం ముగ్గురం ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు.

ఆదివారం పెదబాపు వచ్చాడు. సంగతి విని, చాలాసేపు రాజక్క తల మీద చెయ్యి ఉంచి, "మంచిదే బిడ్డా," అని లేవబోయాడు. అమ్మ దారికి అడ్డం నిలబడింది. "బావా, పొద్దుమీకి దుకాణం నుంచి గిటే రాండ్రి. మీ పొయ్యి ఇగ ఈడనే," అంది. చనిపోయేదాకా ఆయన రాత్రి భోజనం మా ఇంట్లోనే. అన్నం తిన్నాక ఆయన అరుగు మీద కూర్చుంటే, రాజక్క ఆయనకు పాఠం పెద్దగా చదివి వినిపించేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆయన ప్రతి వాక్యానికీ తల ఊపేవాడు.

రాజక్క చదివి, అదే బడిలో ఇంగ్లీషు టీచరై, ఆ వసారాలో మూడు తరాల ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టింది. కిందటేడు పోయింది. మొన్న పని మీద శాలిబండకు పోయాను. బడి ఉన్నచోట బట్టల దుకాణాలు లేచాయి. మా ఇంటి వాకిలి మూడు ముక్కలై, మూడింటికీ ఇనుప షట్టర్లు పడ్డాయి. టాంగాలు లేవు, ఖాలా వాళ్లు ఎటు పోయారో చెప్పేవాళ్లు లేరు. నేను గుర్తుపట్టగలిగింది ఒక్క గడియారం స్తంభాన్నే. ఎటు నడవాలో తోచక నిలబడితే, గాజుల దుకాణం లోపలినుంచి బుర్కా వేసుకున్న ఒక పెద్దావిడ వచ్చి, నా ముఖంలోకి పరీక్షగా చూసింది.

"మా రాజమణి టీచర్ మీకేమైతరమ్మా? గదే ముఖం ఉన్నది మీది," అంది.

"అక్క," అన్నాను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకుపోయి, ఫ్యాను కింద కుర్చీ వేసింది.