ఆల్చె నలభై ఒకటిని అడిగారా?

వీబ్రెన్‌కు తన గురించి కోపం రాదు. వచ్చిన కోపమంతా ఆవుల తరఫునే. కాఫీ చల్లారిపోయినా ఊరుకుంటాడు, పక్క పొలం వాడు కాలువ గట్టు తవ్వుకుపోయినా ఊరుకుంటాడు. కానీ ఆవుకు అవమానం జరిగిందని తోచిందా, ఫ్రీస్లాండ్ జిల్లా అంతా దద్దరిల్లాల్సిందే. పొద్దుటి రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు ఆవుల మనసు కష్టపెడుతోందని మూడు ఉత్తరాలు రాశాడు. మూడోదానికీ జవాబు రాకపోతే, మందంతటికీ రేడియోవాళ్ల తరఫున తనే క్షమాపణ చెప్పుకున్నాడు.

అలాంటి మనిషి ఇంట్లో కూతురు ఫ్రౌకె, వాటంతటవే పాలు పిండే యంత్రాలతో కొత్త కొట్టం కట్టాలనుకుంది. సరదాకి కాదు. తొంభై ఆవులకు రోజూ రెండు పూటలా పాలు లాగే గొట్టాలు తగిలించి తగిలించి ఆమె కుడి భుజం అరిగిపోయింది. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే చెయ్యి పైకి లేవదని డాక్టరు తేల్చేశాడు. శుక్రవారంలోగా ప్లాను ఖాయం చేయకపోతే కాంట్రాక్టరు వేరే పని ఒప్పుకుంటాడు, ఇక మళ్లీ వచ్చే ఏడే.

ప్లాను గీసే కుర్రాడు యోరిత్ మొదటి కాగితం పరిచిన రోజే వీబ్రెన్ భగ్గుమన్నాడు.

“పడుకునే చోటు ఇంతేనా? ఇందులో నువ్వు పడుకుంటావా అబ్బాయ్?”

“కొలతల ప్రకారమే గీశానండీ.”

“ఎవరి కొలతలు? ఆల్చె నలభై ఒకటిని అడిగావా?”

ఆ ఆవుల వంశంలో అది నలభై ఒకటో ఆల్చె. అడగలేదని యోరిత్ ఒప్పుకున్నాడు. వీబ్రెన్ వాకిట్లో సుద్దముక్కతో గీతలు గీసి, వాటి మధ్య ముందు మోకాళ్లు, ఆ తర్వాత నడుము వాల్చి, అచ్చం ఆవులాగే పడుకున్నాడు. లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

“చూశావా, లేవడానికి చోటు చాలట్లేదు,” అన్నాడు, సిగ్గయినా లేకుండా. చోటు ఓ జానెడు పెరిగింది.

రెండో కాగితంలో నేల జారుతుందన్నాడు. మూడోసారి పక్క ఊళ్లో పనిచేస్తున్న యంత్రం ముందు గంటసేపు కూర్చుని వచ్చి, అది పొదుగు మీద చెయ్యి వేసే ముందు కనీసం పలకరించనైనా పలకరించడం లేదని మండిపడ్డాడు. నాలుగో కాగితం దగ్గర అసలు పేచీ మొదలైంది.

“తమంతట తాము పాలకు వెళ్లని బద్ధకపు ఆవుల్ని ఈ గేటు మళ్లిస్తుందండీ. దానంతటదే తెరుచుకుంటుంది,” అన్నాడు యోరిత్.

“తీసెయ్. చెక్క గేటు పెట్టు, ఇనుప గడియ పెట్టు. పొద్దునా సాయంత్రం మనిషి వచ్చి తియ్యాలి.”

“మనిషి అక్కర్లేకుండా ఉండాలనే కదండీ ఇదంతా.”

“ఆవులు ఒప్పుకోవు.”

గురువారం నాటికి కాగితాలు ఏడయ్యాయి, గేటు మాత్రం తేలలేదు. ఫ్రౌకెకు తండ్రి పోలికే, కోపంతో సహా.

“ఏ ఆవు ఒప్పుకోదు నాన్నా? పేరు చెప్పు.”

తొంభై పేర్లు నాలుక చివర పెట్టుకు తిరిగే మనిషికి ఒక్క పేరూ రాలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. గుమ్మం ముందు గోసె బూట్ల బురద గీక్కుంటున్నాడు.

గోసె ఇరవై ఆరేళ్లుగా రెండు పూటలా పాలు పిండే పనిలో సాయానికి వస్తున్నాడు. పని కాగానే వంటింట్లో రెండు కప్పుల కాఫీ, ఒక బిస్కెట్టు, వానని నాలుగు తిట్లు. తర్వాత ఎవరూ లేని ఇంటికి వెళ్లిపోతాడు.

“యంత్రం వచ్చాక వాడేం చేస్తాడు?” వీబ్రెన్ గొంతు తగ్గించాడు.

“పింఛను వస్తుంది. కాఫీకి రోజూ రమ్మందాం.”

“రమ్మంటే వస్తాడా? మీ అత్త పెళ్లికి పిలిస్తే, అక్కడ నాకేం పనుందని అడిగాడు. పని లేకుండా ఒకరి గుమ్మం తొక్కడం వాడికి తలకొట్టేసినట్టు. ఆ ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటూ కూర్చుంటాడే.”

ఫ్రౌకెకు ఒళ్లు మండింది. నెల రోజులుగా తన భుజం ఎక్కడ పోతుందోనని హడలిపోతోంది.

“ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చుగా. మరి ఆ వాకిట్లో పడుకోవడాలేమిటి?”

“అవి ఆవుల కోసమే.”

ఆమె పెన్సిలు లాక్కుని చెక్క గేటు తనే గీసింది. గడియ కూడా గీసి, కాగితం యోరిత్ చేతిలో పెట్టింది.

ఇప్పుడు కొత్త కొట్టంలో యంత్రాలు రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయి. ఫ్రౌకె చెయ్యి తల దువ్వుకునేంత ఎత్తు లేస్తోంది. గోసె రోజూ పొద్దునా సాయంత్రం ఆరింటికి వచ్చి, గేటు తీసి, బద్ధకపు ఆవుల్ని తోలి, మండిపడుతూ వంటింట్లోకి వస్తాడు.

“ఇన్ని యంత్రాలు పెట్టి, ఈ పాతకాలపు గేటేమిటి? నేను రాకపోతే ఆ ఆవుల గతేంకాను? ఏ బుద్ధిలేనివాడు గీశాడీ ప్లాను?”

వీబ్రెన్ బిస్కెట్ల డబ్బా అతని వైపు జరిపాడు.

“ఆ కుర్రాడే. నేనెంత మొత్తుకున్నా వింటేనా.”